కన్జర్వేషన్ జోన్‌లో పడిన పొలం: ఆపే భారం రైతు ఒక్కడిదేనా?

ప్రశ్న | శంకర్‌పల్లి రైతు

మాది రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలో, 111 జీవో (జలాశయాల రక్షణ కోసం చుట్టుపక్కల నిర్మాణాలను నిషేధించిన ఉత్తర్వు) గ్రామాలకు కొంచెం అవతల ఉన్న ఊరు. మాకున్న నాలుగెకరాలకూ నీటి వసతి ఉంది. ఒక పక్క వరి వేసి, మిగిలిన దానిలో టమాటా, ఆకుకూరలు, పండగల నాటికి బంతి, చేమంతి పండిస్తాం. హైదరాబాద్ మార్కెట్లకు తెల్లవారేలోగా సరుకు చేర్చగల దూరంలో ఉండడమే ఈ సాగుకు ఆధారం. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) 2031 మాస్టర్ ప్లాన్‌లో మా సర్వే నంబరు కన్జర్వేషన్ జోన్‌లో పడింది, అంటే ఆ భూమిని వ్యవసాయానికే ఉంచాలన్నది ప్రణాళిక ఉద్దేశం.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నా, మా చుట్టూ జరుగుతున్నది వేరు. నిబంధనల ప్రకారం లేఅవుట్ వేయడం కుదరని చోట, ఎకరాలుగా కొని గుంటల లెక్కన ఫామ్ ప్లాట్లుగా అమ్ముతున్నారు. నాలుగు మామిడి మొక్కలు, నాలుగు శ్రీగంధం మొక్కలు నాటి, మట్టిరోడ్డు తీసి, చుట్టూ ప్రహరీ కట్టి, దానిని వ్యవసాయమే అంటున్నారు. మా పక్క పొలం ఇలా వెంచర్ అయినప్పటి నుంచి మాకు బండ్ల బాట మూసుకుపోయింది. ఎగువ నుంచి కుంటలోకి నీరు తెచ్చే కాలువ పూడిపోయింది. కూలీలు పొలం పని కన్నా వెంచర్లలో తోటపనికే మొగ్గు చూపుతున్నారు, వారిని తప్పు పట్టడానికీ లేదు.

ఊళ్లో అభిప్రాయం రెండుగా చీలింది. జోన్ ఎత్తివేయించుకుంటే ధర వస్తుందని కొందరు, ఎత్తివేస్తే ఇక సాగు అన్నదే మిగలదని కొందరు అంటున్నారు. నేను రెండో వైపు మనిషినే, కానీ మొదటి వారి వాదనకు నా దగ్గర సరైన జవాబు లేదు. నగరానికి కూరగాయలు కావాలి, భూగర్భజలం ఇంకే నేల కావాలి, ఊపిరి పీల్చుకునే పచ్చదనం కావాలి. వీటన్నిటి కోసం నా భూమి ధర తక్కువగా ఉండిపోవాలంటే, ఆ తేడాను నగరం ఎందుకు భరించదు?

కాబట్టి నేను తెలుసుకోవాలనుకుంటున్నవి ఇవి. జోన్ గీతకు నిజంగా బలం ఉందా, లేక అది ఎప్పటికైనా చెరిగిపోయేదేనా? సాగుభూమిని కాపాడుతూనే రైతుకు నష్టం రాకుండా చూసిన చోటు ఎక్కడైనా ఉందా? పార్టీల ప్రస్తావన పక్కన పెట్టి, విధానం తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు 1 | విశ్రాంత ప్లానర్

నేను పట్టణ ప్రణాళిక విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. మీ మొదటి ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, గీతకు చట్టబలం ఉంది. కానీ ఆ గీతను నిలబెట్టవలసిన సంస్థలకు దాన్ని నిలబెట్టడం వల్ల వచ్చే లాభమేమీ లేదు.

భూవినియోగాన్ని మాస్టర్ ప్లాన్ ఒక్కటే నిర్ణయించదు, దానికన్నా ముందు రోడ్డు నిర్ణయిస్తుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వేసి, దానికి ఇరువైపులా కిలోమీటరు మేర గ్రోత్ కారిడార్‌గా ప్రకటించిన తరువాత, ఆ కారిడార్‌ను ఆనుకున్న పొలానికి కన్జర్వేషన్ అని రంగు వేసినంత మాత్రాన కొనుగోలుదారుల అంచనా మారదు. ఈ రోజు కాకపోతే రేపైనా జోన్ మారుతుందని నమ్మే ధర పెడతారు. ఇప్పుడు ఔటర్‌కు అవతల రాబోయే రీజినల్ రింగ్ రోడ్డు అలైన్‌మెంట్ చుట్టూ జరుగుతున్న కొనుగోళ్లలో ఉన్నదీ ఆ నమ్మకమే.

ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. మాస్టర్ ప్లాన్‌లో ఒక సర్వే నంబరుకు ఉన్న వినియోగాన్ని మార్చాలని దరఖాస్తు పెట్టుకునే వీలు చట్టంలోనే ఉంది. ప్రకటన ఇచ్చి, స్వల్ప గడువులో అభ్యంతరాలు పిలిచి, ఛార్జీలు కట్టించుకొని ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తుంది. ఒక్కొక్క దరఖాస్తునూ విడిగా చూస్తే ప్రతిదానికీ ఏదో ఒక న్యాయం కనిపిస్తుంది. పదేళ్లలో ఇచ్చిన మార్పులన్నిటినీ ఒకే పటం మీద పెట్టి చూసే బాధ్యత మాత్రం ఎవరికీ లేదు. నా ఉద్యోగ కాలమంతటిలో నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టిన విషయం ఇదే.

ఇక రెవెన్యూ వైపు సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో వచ్చిన నాలా చట్టం వ్యవసాయ భూమిని వ్యవసాయేతరానికి మార్చాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని చెప్పింది. చెప్పడం వరకు అది రక్షణే, ఆచరణలో మాత్రం భూమి విలువలో ఇంత శాతం అని రుసుము కట్టే వ్యవహారంగా మిగిలింది. తెలంగాణలో భూరికార్డుల పోర్టల్ ధరణి (2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది) వచ్చాక స్లాట్ బుక్ చేసుకొని తహసీల్దార్ కార్యాలయంలోనే పని ముగించుకునే స్థాయికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అయితే 2025లో ఆ చట్టాన్నే రద్దు చేసే మార్గం పట్టింది. ఈ నేల రెండు పంటలు పండేదా, చెరువు ఆయకట్టులో ఉన్నదా అన్న ప్రశ్న ఈ మొత్తం ప్రక్రియలో నిర్ణయాత్మకంగా ఎక్కడా ఎదురుకాదు. ఆ తరువాత అనుమతి లేకుండా వేసిన లేఅవుట్లకు క్రమబద్ధీకరణ పథకాలు 2007-08లో ఒకసారి, 2015లో ఒకసారి, 2020లో మరొకసారి వచ్చాయి. మూడుసార్లు మాఫీ చూసిన మార్కెట్ నాలుగోసారి కోసం ఎదురుచూడకుండా ఎలా ఉంటుంది?

ఇంకో మాట, దీనిని మావాళ్లు బహిరంగంగా అనరు. అభివృద్ధి సంస్థల ఆదాయం భూమి అమ్మకాలు, డెవలప్‌మెంట్ ఛార్జీల మీద ఆధారపడి ఉంది. 2023 ఆగస్టులో కోకాపేటలో హెచ్ఎండీఏ వేలం వేసిన భూమి ఎకరం వంద కోట్లు దాటింది. భూమి ధర పెరిగితే బతికే సంస్థకే భూమి ధరను అదుపులో ఉంచే పని అప్పగించాం.

మీ పక్కనే ఉన్న 111 జీవో అనుభవం ఈ చర్చకు చాలా ముఖ్యం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996 మార్చిలో వచ్చిన ఆ ఉత్తర్వు చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో పెద్ద నివాస కాలనీలను, హోటళ్లను, కాలుష్య పరిశ్రమలను నిషేధించింది. అది నీటి కోసం వచ్చిన ఉత్తర్వే, పొలాల కోసం కాదు. అయినా లక్షా ముప్పై రెండు వేల ఎకరాల మేర దాదాపు పాతికేళ్లపాటు సాగునేల ఎంతో కొంత మిగలడానికి అదే కారణం. ఆ పాతికేళ్లలో పక్కనే నార్సింగి, కోకాపేట ధరలు ఆకాశానికి వెళ్తుంటే మొయినాబాద్ రైతు చూస్తూ ఉండిపోయాడు. అదే సమయంలో ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు, కళాశాలలు అదే పరిధిలో లేచాయి. నిబంధన చిన్న రైతుకు వర్తించినంత గట్టిగా స్తోమత ఉన్నవారికి వర్తించలేదు. అందుకే జీవో ఎత్తివేయాలన్న డిమాండ్ బయటి రియల్టర్ల నుంచే కాక గ్రామ పంచాయతీల నుంచి కూడా వచ్చింది. నగర తాగునీటిలో ఆ జలాశయాల వాటా బాగా తగ్గిపోయిందన్న కారణం చూపి 2022లో ఆంక్షలు సడలించారు, 2023లో రద్దు నిర్ణయం ప్రకటించారు.

ఆ ఉత్తర్వు పరిసరాలను కాపాడలేదని అనేవారితో నేను ఏకీభవించను, అది కాపాడింది. కానీ ఆ రక్షణకు అయిన ఖర్చును 84 గ్రామాలవారు భరించారు, నీళ్లు తాగినవారు భరించలేదు. నష్టపోయేవారికే గీతను చెరపమని అడిగే హక్కు, అవసరం రెండూ ఉన్నప్పుడు ఏ ప్రభుత్వమైనా ఎంతకాలం ఆగుతుంది?

జవాబు 2 | తెనాలి డెల్టా

ప్లానర్ గారు చెప్పినదానికి మా ప్రాంతం నుంచి మరో ఉదాహరణ చేరుస్తాను.

రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ 2015 చివరలో పర్‌స్పెక్టివ్ ప్లాన్ ముసాయిదా విడుదల చేసినప్పుడు, కృష్ణా, గుంటూరు జిల్లాల్లోని చాలా మండలాలను వ్యవసాయ పరిరక్షణ జోన్లుగా చూపింది. మేమంతా గ్రీన్ బెల్ట్ అనే అన్నాం. డెల్టా మాగాణిని కాపాడాలన్న ఆలోచన మంచిదే. అంతకు ముందు ఏడాదే శివరామకృష్ణన్ కమిటీ విజయవాడ, గుంటూరు మధ్య ఉన్న సారవంతమైన భూముల మీద రాజధాని భారం మోపవద్దని కేంద్రానికి నివేదిక ఇచ్చి ఉంది. అయినా ఆ జోన్ల ప్రతిపాదనను వ్యతిరేకించింది పట్నం బిల్డర్లు కాదు, మాగాణి రైతులం మేమే. అభ్యంతర పత్రాలు కట్టలు కట్టలుగా వెళ్లాయి. వాటిలో నాది కూడా ఉంది.

దీనిని బయటివారు తరచూ అపార్థం చేసుకుంటారు. భూమి అమ్ముకోవాలన్న ఆత్రంతో మేము వ్యతిరేకించలేదు. డెల్టాలో ఎకరం మీద వచ్చే కౌలుకూ ఆ ఎకరం ధరకూ ఎన్నడో సంబంధం తెగిపోయింది. వడ్ల మీద వచ్చేదానితో ఇల్లు గడుస్తుంది అంతే. పిల్ల పెళ్లికి, కొడుకు చదువుకు, ఆస్పత్రి ఖర్చుకు, బ్యాంకులో హామీకి నిలబడేది భూమి విలువ. అరెకరం అమ్మితే గండం గట్టెక్కుతామన్న ధైర్యమే మా పెన్షను. ఒక్క గీతతో ఆ విలువ సగమైపోతుందని, గీతకు అవతల ఉన్న ఊరి రైతుకు అదే రోజు రెట్టింపవుతుందని తెలిసినప్పుడు, నేల సారం గురించి ఉపన్యాసం వినే ఓపిక ఎవరికి ఉంటుంది?

సరిగ్గా అదే సమయంలో, గీతకు లోపలి వైపున, అమరావతిలో భూసమీకరణ జరిగింది. దానిలో ఎన్ని లోపాలున్నా, విలువలో వాటా రైతుకు ఇవ్వాలన్న సూత్రం ఉంది. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, జరీబు ఎకరానికి వెయ్యి, 450 గజాలు. దానికి తోడు పదేళ్లపాటు కౌలు, మెట్టకు 30 వేలతో, జరీబుకు 50 వేలతో మొదలుపెట్టి ఏటా కొంత పెంచుతూ. భూమి లేని కుటుంబాలకు మొదట నెలకు 2,500 రూపాయల పింఛను. ఈ లెక్కన 33 వేల ఎకరాలకు పైగా సమకూరింది. సమకూరిన ఆ నేల ఎలాంటిదో కూడా చెప్పాలి. కృష్ణ ఒడ్డున, కొద్ది అడుగుల లోతునే నీరు అందే జరీబు భూముల్లో ఏడాది పొడవునా అరటి, కంద, పసుపు, పూలు, కూరగాయలు ఒకదాని వెంట ఒకటి పండేవి. ఉండవల్లి, పెనుమాక రైతుల్లో చాలామంది చివరిదాకా సమీకరణకు ఒప్పుకోకపోవడానికి కారణం ఆ నేలే.

అంటే ఒకే సంస్థ ఒకే కాలంలో ఒక గ్రామంలో అత్యుత్తమ భూమిని విలువలో వాటా ఇచ్చి తీసుకుంది, పక్క మండలంలో భూమిని ఏ వాటా ఇవ్వకుండా కాపాడబోయింది. విడిచిపెట్టినవాడికి ప్రతిఫలం, నిలబెట్టుకున్నవాడికి ఆంక్ష. ఇది తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. 2025లో రెండో విడత సమీకరణ ప్రతిపాదన వచ్చినప్పుడు కూడా ఈ రెండో వైపు గురించి పెద్దగా మాట వినిపించలేదు.

డెల్టాలో పంటభూమి పోతున్నది ఇళ్ల స్థలాలకే కాదు, చేపల, రొయ్యల చెరువులకు కూడా అని గుర్తుచేసి ఆపుతాను. అది వేరే చర్చ.

జవాబు 3 | మేరీలాండ్ నుంచి

రెండో ప్రశ్నకు నేను ఉంటున్న చోటు నుంచి ఒక జవాబు ఉంది. వాషింగ్టన్ నగరాన్ని ఆనుకొని ఉన్న మాంట్‌గోమరీ కౌంటీలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. జర్మన్‌టౌన్, క్లార్క్స్‌బర్గ్ వైపు ఇళ్లు కొనుక్కున్నవారికి, ఇళ్ల వరుసలు ఉన్నట్టుండి ఆగిపోయి మొక్కజొన్న చేలు మొదలయ్యే చోటు తెలిసే ఉంటుంది. అది అనుకోకుండా జరిగింది కాదు.

1980లో ఆ కౌంటీ తన విస్తీర్ణంలో దాదాపు మూడో వంతును, 93 వేల ఎకరాలను, వ్యవసాయ రిజర్వుగా ప్రకటించింది. అంతకు ముందు అయిదెకరాలకు ఒక ఇల్లు కట్టుకునే వీలుండగా, ఇకపై పాతికెకరాలకు ఒకటి మాత్రమే అంది. అక్కడితో ఆగి ఉంటే మన 111 జీవోలాగే అయ్యేది. కానీ రైతు కోల్పోయిన నిర్మాణ హక్కును అతని పేరనే ఉంచి, అయిదెకరాలకు ఒకటి చొప్పున అమ్ముకోనిచ్చింది. మెట్రో స్టేషన్ల దగ్గర, కౌంటీ గుర్తించిన ఇతర ప్రాంతాల్లో మామూలు కన్నా ఎక్కువ ఇళ్లు కట్టాలనుకునే బిల్డరు ఆ హక్కులు కొనాలి. హక్కు అమ్మిన పొలంలో ఆ మేరకు ఇళ్లు కట్టకూడదన్న షరతు రికార్డులో శాశ్వతంగా ఎక్కుతుంది. రైతుకు డబ్బు వచ్చింది, ప్రభుత్వ ఖజానా నుంచి పెద్దగా పోలేదు, నలభై అయిదేళ్లు గడిచినా గీత నిలిచింది.

అక్కడ అంతా సవ్యంగా సాగిందని నేను అనను. హక్కులు కొనే ప్రాంతాలు తగినన్ని లేనప్పుడు వాటి ధర పడిపోయింది. సోలార్ ప్యానెళ్లను ఆ రిజర్వులో అనుమతించాలా వద్దా అన్న గొడవ ఈ మధ్య పెద్దదైంది. ఇళ్ల కొరతకు ఈ రిజర్వు కూడా ఒక కారణమని వాదించేవారూ ఉన్నారు. కానీ శంకర్‌పల్లి రైతు గారు అడిగిన తేడాను నగరమే కట్టిన ఉదాహరణ ఇది. మన దగ్గర ఇలా నిర్మాణ హక్కును బదిలీ చేసే టీడీఆర్ పద్ధతి ఇప్పటికే ఉంది కదా, రోడ్ల వెడల్పులో స్థలం పోయినవారికి బాండ్లు ఇస్తున్నారు. దానిని పొలాలకు ఎందుకు విస్తరించకూడదు?

జవాబు 4 | విశ్రాంత ప్లానర్

మేరీలాండ్ మిత్రులు చెప్పిన పద్ధతి నాకూ ఇష్టమే, కానీ హైదరాబాద్‌లో దానికి ఒక అడ్డంకి ఉంది. బిల్డరు హక్కు ఎందుకు కొంటాడు? అది లేకుండా అదనపు అంతస్తు వేయలేడు కాబట్టి కొంటాడు. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్ఎస్ఐ (ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్లు నిర్మాణం చేయవచ్చన్న లెక్క) పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, ప్లాటు పరిమాణం, వదలవలసిన సెట్‌బ్యాక్ చూసి ఎత్తు నిర్ణయిస్తారు. కోకాపేటలో యాభై అంతస్తుల భవనాలు లేస్తున్నది ఆ స్వేచ్ఛతోనే. ఉచితంగా దొరికేదానిని డబ్బు పెట్టి ఎవరూ కొనరు. టీడీఆర్ బాండ్లకు ఇక్కడ ఇన్నాళ్లూ గిరాకీ ఉన్నది ఎక్కువగా ఒకటి రెండు అదనపు అంతస్తులకు, సెట్‌బ్యాక్ సడలింపుకు. శివారు ఎకరాలన్నిటికీ ఆ గిరాకీ సరిపోదు.

కాబట్టి పొలాన్ని నిలబెట్టాలంటే ముందు నగరం లోపల ఒక మూల పరిమితి పెట్టాలి. దానిని దాటినవారంతా హక్కులు కొనాలి. సాగుభూమి చర్చ ఎప్పుడూ ఊరి బయటే జరుగుతుంది, కానీ తాళంచెవి గచ్చిబౌలిలో ఉంది. పరిమితి పెడితే ఫ్లాట్ల ధరలు పెరుగుతాయన్న అభ్యంతరం వస్తుంది. అది కొట్టిపారేయదగిన అభ్యంతరం కాదు. అయితే భూమి ధరలో ఇప్పుడు కలిసి ఉన్న ఆ అనంతమైన ఆశ కొంత తగ్గి, హక్కు ధర అందులో నుంచే సర్దుబాటు కావడానికి అవకాశం ఎక్కువ అని నా అంచనా. దీనికి ఎంత కాలం పడుతుందన్నది ఎంత మెల్లగా, ఎంత ముందుగా చెప్పి పరిమితి తెస్తారన్నదాని మీద ఆధారపడుతుంది.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పరిస్థితి దీనికి మరీ భిన్నం కాదు.

జవాబు 5 | భూచట్టాల న్యాయవాది

ఇంతవరకు అందరూ భూమి యజమాని గురించే మాట్లాడారు. శివారు గ్రామాల్లో దున్నేవారు వేరు, పాస్‌బుక్ ఉన్నవారు వేరు అన్నది మరచిపోతే ఏ పరిహార పథకమైనా దారి తప్పుతుంది. శంకర్‌పల్లి, చేవెళ్ల, ఇబ్రహీంపట్నం వైపు చాలా భూములు ఇప్పటికే చేతులు మారాయి. కొన్నవారు నగరంలోనో విదేశంలోనో ఉంటారు, భూమిని పడావు పెట్టకుండా ఎవరికో కౌలుకు ఇస్తారు. పాత పహాణీలో సాగుదారు పేరు రాసే కాస్తు కాలమ్ ఉండేది, ధరణిలో అది లేకుండా పోయింది. కాబట్టి ధరణి నడిచినంత కాలం సాగు చేస్తున్నవారెవరో ప్రభుత్వ రికార్డు చెప్పలేకపోయింది. రైతుబంధు మొదలైన 2018 నుంచి సాయం పట్టాదారుకే వెళ్లింది, వెంచర్లుగా మారిన భూములకు కూడా వెళ్లింది. 2025లో రైతు భరోసాకు మారినప్పుడు సాగుయోగ్యం కాని భూములను తీసివేయడానికి గ్రామాల్లో ప్రత్యేకంగా సర్వే చేయవలసి వచ్చింది. నిర్మాణ హక్కుకు ధర కడితే అది ఆ పెట్టుబడిదారుకే చేరుతుంది, భూమిని తక్కువ ధరకు కొన్నందుకు అతనికి రెండో బహుమతి దక్కుతుంది. ఇలాంటి పథకం రావాలంటే, ఒక తేదీకి ముందు నుంచి భూమి కలిగి ఉండి సాగులో ఉంచినవారికే హక్కు అన్న షరతు, కౌలుదారుకు విడిగా కొంత వాటా తప్పనిసరిగా ఉండాలి.

చట్టం సంగతి. 2013 భూసేకరణ చట్టంలో పదో సెక్షన్ చాలామందికి తెలియదు. నీటి వసతి ఉండి ఒకటి కన్నా ఎక్కువ పంటలు పండే భూమిని అసాధారణ పరిస్థితుల్లో, వేరే దారి లేదని రుజువైనప్పుడు మాత్రమే సేకరించాలని, సేకరిస్తే అంతే విస్తీర్ణంలో సాగుయోగ్యమైన బంజరును అభివృద్ధి చేయాలని లేదా ఆ విలువను వ్యవసాయ పెట్టుబడికి జమ చేయాలని అది చెబుతుంది. రహదారులు, రైల్వే వంటి గీతలా పొడవుగా సాగే ప్రాజెక్టులకు మినహాయింపు ఇచ్చింది. ఆ తరువాత రెండు తెలుగు రాష్ట్రాలూ తమ సవరణలతో మరికొన్ని ప్రాజెక్టులకు ఈ సెక్షన్ ఉన్న అధ్యాయం నుంచి మినహాయింపు తెచ్చుకున్నాయి. అంతకన్నా పెద్ద లోపం వేరే ఉంది. ఇది ప్రభుత్వం చేసే సేకరణకే వర్తిస్తుంది. అంగీకారంతో జరిగే సమీకరణకు, ప్రైవేటు కొనుగోలుకు వర్తించదు. హైదరాబాద్ చుట్టూ పొలాలు ఎక్కువగా పోతున్నది ప్రైవేటు కొనుగోళ్లలోనే.

ప్రైవేటు మార్పిడిని కూడా పట్టుకున్న చట్టం కేరళది. అక్కడ 2008లో వరి పొలాలు, చిత్తడి నేలల పరిరక్షణ చట్టం తెచ్చి, ఊరూరా వరి భూముల జాబితా తయారు చేయించి, ఆ జాబితాలో ఉన్న పొలాన్ని పూడ్చడాన్ని నిషేధించారు. సొంత ఇంటికి పంచాయతీలో పది సెంట్లు, పట్టణంలో అయిదు సెంట్ల వరకు, అదీ స్థానిక కమిటీ సిఫారసుతో, వీలిచ్చారు. వ్యవసాయ అధికారి, గ్రామ ప్రతినిధులు, రైతులు ఆ కమిటీలో కూర్చుంటారు. నాకు అన్నిటికన్నా నచ్చిన అంశం ఇదే, ఎందుకంటే నేల గురించి తెలిసినవారు నిర్ణయంలో ఉన్నారు. 2020-21 నుంచి వరి భూమిని వరి భూమిగానే ఉంచిన యజమానికి హెక్టారుకు ఏటా 2,000 రూపాయల రాయల్టీ మొదలుపెట్టారు, తరువాత దానిని పెంచారు. ఆ సొమ్ము అతి చిన్నది, భూమి ధరలోని తేడా ముందు లెక్కలోకే రాదు. అయినా పొలాన్ని పొలంగా ఉంచడం సమాజానికి చేస్తున్న సేవ అని ఒక ప్రభుత్వం ఒప్పుకొని దానికి డబ్బు కట్టిందన్నది గమనించదగినది. అక్కడా 2018లో, జాబితాకెక్కని పాత పూడికలకు రుసుముతో క్రమబద్ధీకరణ వచ్చింది. ఆ కిటికీ గుండా ఎంత పోయిందన్న వాదన అక్కడ ఇంకా నడుస్తోంది.

మన దగ్గర కామారెడ్డి ఉదంతాన్ని కూడా ఈ వెలుగులో చూడాలి. అక్కడి ముసాయిదా మాస్టర్ ప్లాన్ విలీన గ్రామాల పంట పొలాలను పారిశ్రామిక జోన్‌లో, గ్రీన్ జోన్‌లో చూపడంతో రైతులు రోడ్డెక్కారు, ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. చివరకు 2023 జనవరిలో పురపాలక సంఘం ముసాయిదాకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అక్కడ పరిశ్రమ గీతను, పచ్చదనం గీతను రైతులు ఒకే విధంగా వ్యతిరేకించారు. వారిని అడగకుండా గీయడం, గీసినదానికి లెక్క చెప్పకపోవడం రెండింటిలోనూ ఉన్నాయి.

శంకర్‌పల్లి రైతు

అందరికీ కృతజ్ఞతలు. కౌలుదారు గురించి న్యాయవాది గారు చెప్పినది మా ఊరికి అక్షరాలా వర్తిస్తుంది. మా పక్కన పండిస్తున్నవారిలో సగానికి పైగా కౌలుకు చేస్తున్నవారే. హక్కుల అమ్మకం, ఎఫ్ఎస్ఐ పరిమితి వంటివి వచ్చేలోగా చాలా కాలం పడుతుందని అర్థమైంది. కొత్త మాస్టర్ ప్లాన్ తయారవుతోందన్న మాట వినిపిస్తోంది కాబట్టి, ఇప్పుడు, మా ఊరి స్థాయిలో, పది మంది రైతులం కలిసి చేయగలిగినది ఏదైనా ఉంటే చెప్పండి. మూసుకుపోయిన బాట, కాలువ సంగతి కూడా.

భూచట్టాల న్యాయవాది

ముసాయిదా వెలువడే వరకు ఆగవద్దు. వెలువడిన తరువాత అభ్యంతరాలకు ఇచ్చే గడువు పత్రాలు సేకరించడానికే సరిపోదు. మా భూములు కాపాడండి అన్న ఒక్క వాక్యపు అర్జీలను అధికారులు ఒకే కట్టగా పక్కన పెడతారు. సర్వే నంబర్ల వారీగా నీటి ఆధారం ఏమిటి, ఏ కుంట ఆయకట్టు, గత కొన్నేళ్ల పంటల నమోదు ఏమి చెబుతోంది అన్న పట్టిక తయారు చేసి, వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గరి నమోదు నకళ్లు జతచేసి, గ్రామసభ తీర్మానంతో కలిపి ఇవ్వండి. కన్జర్వేషన్ అని మొత్తం ఊరికి ఒకే రంగు అడగవద్దు. ఆయకట్టును, బోర్ల కింద రెండు పంటలు పండే నేలను గట్టిగా అడిగి, గ్రామకంఠం పక్కన రాళ్ల నేలను ఊరి విస్తరణకు మీరే చూపించండి. ఊళ్లో చీలిన రెండు పక్షాలనూ ఒక అర్జీ మీదకు తేవడానికి అంతకు మించిన దారి నాకు కనిపించడం లేదు. కౌలుదారుల పేర్లు కూడా ఆ పట్టికలో చేర్చండి. భూరికార్డు వారిని చూపకపోయినా విచారణ రికార్డులోకి ఎక్కుతారు.

బాట, కాలువల విషయానికి మాస్టర్ ప్లాన్‌తో పని లేదు. గ్రామ నక్షలో బండ్ల బాట చుక్కల గీతలుగా ఉంటుంది. నక్ష నకలు తీసుకొని, సర్వేయరుతో హద్దులు చూపించవలసిందిగా తహసీల్దారుకు దరఖాస్తు పెట్టండి. ప్రహరీ ఆ గీత మీద ఉంటే అది ఆక్రమణే, వెంచర్‌కు ఏ అనుమతి ఉన్నా సరే. కాలువకు నీటిపారుదల శాఖకు విడిగా రాయండి. భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లకు తక్కువైన కుంటకు ఎఫ్‌టీఎల్ (నిండుగా ఉన్నప్పుడు నీరు చేరే) హద్దు నుంచి 9 మీటర్లు, పది మీటర్లకు తక్కువ వెడల్పున్న కాలువకు దాని హద్దు నుంచి 2 మీటర్లు వదలాలి. అర్జీలో ఈ కొలతలనే ప్రస్తావించండి, కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ కుంటలో కలుస్తుందో నక్ష మీద గుర్తుపెట్టి జతచేయండి. వానాకాలం మొదలయ్యేలోగా ఉమ్మడి తనిఖీ జరిపించుకోగలిగితే మంచిది. నీరు ఏ వైపు నిలుస్తుందో అప్పటికి ఇంకా వాదనగానే ఉంటుంది కాబట్టి, నిరుటి వానలప్పుడు ఎవరైనా తీసిన ఫోటోలుంటే ఇప్పుడే పోగుచేయండి.